నారాయణప్ప కుంచె

మా ఇంట్లో అన్ని గోడలకూ రంగు ఉంది, వంటింట్లో పొయ్యికి ఎదురుగా ఉన్న గోడకు తప్ప. దానికి ఇప్పటికీ ఇల్లు కట్టినప్పటి సున్నమే. ఇంటికి వచ్చినవాళ్లు చూసి, ఇదొక్కటి ఎందుకు మిగిలింది టీచరమ్మా అని అడుగుతారు. రంగు చాలలేదని చెబుతాను. అది నిజం కాదు. పోయిన వేసవిలో నేనాడిన ఒక అబద్ధం వల్ల ఆ గోడ అలా మిగిలింది.

మా ఆయన పేరు యూనస్. ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. పెనుకొండలోనూ హిందూపురంలోనూ ఆయన చెయ్యి పడని వీధి ఉండదు. నేను పెనుకొండ దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. అప్పటికి ఇల్లు కట్టుకుని ఆరేళ్లయింది. కట్టిన ఏడాది సున్నం కొట్టించి లోపలికి చేరాం. రంగు మాత్రం ఎవరితోనూ వేయించేది లేదని, తన ఇంటికి తన చెయ్యే పడాలని ఆయన పట్టుబట్టాడు. ఆరేళ్లలో ఆ చెయ్యి ఎన్నో ఇళ్ల మీద పడింది. ఆదివారం కూడా ఎవరో ఒకరి గృహప్రవేశం ఉండేది. మా ఇంటి వంతు రాలేదు.

మా అమ్మ షంషాద్‌బీ హిందూపురంలో మా అన్న దగ్గర ఉంటుంది. మేము ఇంట్లో చేరిన రోజు వచ్చి, హాల్లో గోడకు ఆనుకుని కూర్చుని లేచింది. నల్ల బురఖా వెనకంతా తెల్లగా అయింది. "పెయింటరు ఇంటికే రంగు ల్యాకపాయె. రంగేసినాక పిలువు, అప్పుడొచ్చి కూసుంటా" అని దులుపుకుంటూ వెళ్లింది. నవ్వుతూనే అంది. కానీ ఆ తర్వాత రాలేదు. చదువుకున్న పిల్లను పనివాడికి ఇచ్చానన్న మాట అమ్మ ఎన్నడూ పైకి అనలేదు. ఆమె అనకపోయినా మా గోడలు అంటున్నాయని నాకు అనిపించేది.

పోయినేడు ఏప్రిల్ చివర బడులకు సెలవులిచ్చారు. జూన్ మొదటివారంలో బక్రీదు. ఈసారి పండక్కి అమ్మను పిలుస్తాను, అప్పటికి రంగు అయిపోవాలి అన్నాను. అయిపోతుందన్నాడు. ఈ రెండు నెలలూ బయటి పని ఒప్పుకోను, ఇంటి పనే చేస్తాను అని కూడా అన్నాడు. ఆయన అంత సులువుగా ఒప్పుకోవడం నాకు ఆశ్చర్యంగానే ఉండింది. సంతోషం ముందు ఆశ్చర్యం నిలవలేదు.

మరుసటి రోజు పొద్దున్నే నన్ను హాల్లోకి పిలిచి, చెయ్యి తడుపుకుని గోడ మీద రాయమన్నాడు. రాశాను. అరచెయ్యి తెల్లగా అయింది.

"చూస్తివా, సున్నం రాలుతాండాది. దీని మీద ఎంత మంచి రంగేసినా వానాకాలానికి అప్పడం మాదిరి లేస్తాది. ముందు ఇదంతా గీకల్ల. నీళ్లు పట్టి గీకల్ల. ఉత్తది గీకితే దుమ్మంతా మన రొమ్ములోకే."

సాయంత్రం బజారుకు పోయి నాకొక పుట్టీ బ్లేడు తెచ్చాడు. మూడంగుళాలది. ఇళ్లలో పనిచేసేవాళ్ల చేతుల్లో నేను చూసినవన్నీ దీనికి రెండింతలు ఉండేవి. ఇంత చిన్నదానితో ఎప్పటికయ్యేనని అడిగాను.

"గోడను జూసి కొనగూడదు టీచరమ్మా, చేతిని జూసి కొనల్ల. నీ చెయ్యి ఇంతే గదా."

ఆ పది రోజులు మా ఇద్దరికీ బాగా గడిచాయి. బ్లేడును ఎంత వాలుగా పట్టాలో, ఉప్పుకాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దితే గోడ ఎలా సమానంగా వస్తుందో, చీలికల్లో పుట్టీ పెట్టి ఏ అంచుతో లాగాలో చూపించాడు. ఆయన మగ్గుతో నీళ్లు చల్లేవాడు, నేను గీకేదాన్ని. ఇరవై ఆరేళ్లు గోడలు గీకిన మనిషి బ్లేడు నా చేతికిచ్చి తాను మగ్గు పట్టుకుంటే, నేర్పిస్తున్నాడనుకున్నాను. మగ్గు ఎడమచేతిలో ఉండేదని ఇప్పుడు గుర్తుకొస్తుంది.

ఆ వేసవిలో ఆయన గుండీల చొక్కాలు మానేసి టీషర్టులు వేసుకున్నాడు. ఎండలు కదా అనుకున్నాను. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. ఇంటి తాళం నాకిచ్చి, నువ్వు తియ్యి అనేవాడు. నీళ్లసీసా మూత నాతో తీయించుకునేవాడు. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. అప్పుడు ఇలా వరసగా రాలేదు.

ఆయన పనిసంచిలో ఒక పాత కుంచె ఉండేది. షాపులో కొన్నవాటిని బ్రష్షులనేవాడు, దాన్ని మాత్రం కుంచె అనేవాడు. రెండంగుళాల వెడల్పు, వేపచెక్క పిడి, అరిగి అరిగి ఒక పక్కకు వాలిన వెంట్రుకలు. గోడ పైకప్పును కలిసేచోట, తలుపుల పక్కన, గీత తీయడానికి తప్ప దాన్ని దేనికీ వాడేవాడు కాదు. టేపు అంటించకుండా, దారం పట్టకుండా, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు దానితో గీత లాగేవాడు. పనయ్యాక కడిగి, వెంట్రుకలు కిందికి వచ్చేలా మేకుకు తగిలించేవాడు. అది ఆయనకు పని నేర్పిన నారాయణప్ప మేస్త్రీది. నారాయణప్పకు చూపు తగ్గినప్పుడు, హిందూపురంలో ఒక ఇంట్లో పని మధ్యలో నిచ్చెన దిగి, నలుగురి ముందూ ఈ కుంచెను ఈయన చేతిలో పెట్టాడట. ఆ తర్వాత నారాయణప్ప మళ్లీ నిచ్చెన ఎక్కలేదట. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి మా ఆయన నాకు చెప్పాడు. నేను దాన్ని నారాయణప్ప కథగా విన్నాను. ఆ పని చేసేవాళ్లకు అదొక నియమమని తెలుసుకోలేదు.

వంటింట్లో పొయ్యికి ఎదురు గోడను ఆఖరుకు ఉంచుకుని, మిగతా ఇల్లంతా గీకడం, పుట్టీ అయ్యేసరికి మే నెల పదో తారీకు దాటింది. ఇక రోలరు కావాలి. పని అక్కడ ఆగిపోయింది.

మొదట తొమ్మిదంగుళాల రోలరు తెచ్చాడు. పొడిగానే గోడ మీద రెండుసార్లు నడిపి చూసి, బరువుగా ఉంది, రంగు తాగితే ఇంకా బరువవుతుంది అన్నాడు. మార్చుకొచ్చాడు. రెండోది స్పాంజిది, బుడగలు లేపుతుందన్నాడు. మూడోది తేలికే కానీ దాని పిడి సన్నమన్నాడు. ఇన్నేళ్లూ దేనితో వేశావో దానితోనే వేయరాదా అని అడిగితే, అవి ఊళ్లో గోడలకు, ఇది నా గోడ కదా అన్నాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను.

ఒకరోజు నన్నూ వెంటబెట్టుకుని హిందూపురం పోయాడు. షాపాయనకు ఈయన పాతికేళ్ల పరిచయం. బ్రష్షుల డబ్బాలన్నీ తీసి ముందు పెట్టాడు. ఈయన ఒక్కొక్కటీ కుడిచేత్తో పట్టుకుని, చెయ్యి బారుగా చాచి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి చెయ్యి మెల్లగా కిందికి దిగేది. కళ్లు తెరిచి, అది డబ్బాలో పెట్టి ఇంకొకటి తీసుకునేవాడు. పక్కన థిన్నరు కొనడానికి వచ్చినవాళ్లు కూడా చూస్తున్నారు.

"ఏమబ్బా మేస్త్రీ, పెండ్లిచూపులకు వచ్చినట్టు చూస్తాండావే" అన్నాడు షాపాయన. "సొంతింటి గోడ అనేసరికి చెయ్యి వణుకుతాండాదా ఏమి?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "అవునప్పా, ఇంటామె పక్కనే ఉండాది గదా" అన్నాడు. నేను సిగ్గుపడ్డాను, కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ రోజు ఏమీ కొనకుండానే వచ్చాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే వత్తుకుంటూ ఉన్నాడు. ఎండకు అలసిపోయాడనుకున్నాను.

మే ఇరవై ఐదు దాటింది. కిటికీ కింద రోలర్లు, బ్రష్షులు ఎనిమిదో తొమ్మిదో చేరాయి. గోడలు మాత్రం గీకి వదిలిన మచ్చలతో, అంతకుముందుకన్నా అధ్వానంగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. పండగకు ముందురోజే వస్తానంది. రంగు అయిందా అని అడగలేదు. అయిందనే అనుకుని మాట్లాడింది.

ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చాను. ఆయన కింద కూర్చుని ఒక రోలరు పిడికి సైకిలు ట్యూబు ముక్క చుడుతున్నాడు. చుట్టినది జారిపోతోంది, మళ్లీ చుడుతున్నాడు. బడిలో పిల్లలతో కూడా నేను గొంతు పెంచను. అప్పుడూ పెంచలేదు. గొంతు పెంచకుండానే అన్నాను.

"పనిముట్లు కొనేదానికే సెలవులు అయిపోయినాయి. చేతగాకుంటే చెప్పు, ఇంకెవరినన్నా పిలుస్తా."

ఆయన ట్యూబు కింద పెట్టాడు.

"ధర్మవరంలో ఉలిగప్ప అని ఒకాయన ఉండాడు. మగ్గాలకు నాడెలు చేస్తాడు. ఒక పిడి చేసిస్తానన్నాడు. రేపు పోయి తెస్తా. ఎల్లుండి మొదలుపెడతా."

"రోలరుకు మగ్గాల వడ్రంగి పిడి ఎందుకు?"

"నా ఇంటికి గదా" అన్నాడు మళ్లీ.

ఈసారి నేను నవ్వలేదు. అది మొండితనమనుకున్నాను. ఆరేళ్లు వాయిదా వేసిన మనిషి ఇంకొక్కసారి వాయిదా వేస్తున్నాడనుకున్నాను.

మరుసటి రోజు ఆయన పొద్దున రైలుకు ధర్మవరం పోయాడు. పోగానే నేను కుళ్లాయప్పకు ఫోన్ చేశాను. కుళ్లాయప్ప పన్నెండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మనిషి. బత్తలపల్లిలో ఒక ఇల్లు ముగించుకుని అప్పుడే పెనుకొండకు తిరిగొచ్చాడు. పదింటికి నిచ్చెన, రోలర్లు, ఇంకొక పనివాడితో వచ్చాడు. వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"అన్న యాడ వదినా?"

ధర్మవరం పోయాడని చెప్పాను.

"నేనొచ్చేది అన్నకు తెలుసునా?"

"ఆయనే పిలవమన్నాడు" అన్నాను.

ఆ అబద్ధానికి నేను ఆలోచించుకోలేదు. పిల్లలు హోంవర్కు గురించి చెప్పేటంత సులువుగా వచ్చింది. కుళ్లాయప్ప తల దించుకుని చెప్పులు విడిచాడు. విడిచి కూడా లోపలికి రాలేదు.

"అట్లయితే అన్న కుంచె ఇయ్యి వదినా. అది చేతికి రాకుండా ఈ ఇంట్లో నేను నిచ్చెన ఎక్కను."

పనికి కావాలి కాబోలనుకున్నాను. వంటింట్లో మేకుకు తగిలించి ఉన్న కుంచెను తెచ్చి ఇచ్చాను. అతను రెండు చేతులూ చొక్కాకు తుడుచుకుని దాన్ని అందుకున్నాడు. కళ్లకు అద్దుకున్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. ఇంత భక్తి ఎందుకా అని కూడా నాకు అనిపించింది. టీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను.

ఇద్దరూ గబగబా పనిచేశారు. ఎండకు ప్రైమరు మధ్యాహ్నానికే ఆరిపోయింది. నాలుగు దాటేసరికి హాల్లో రెండు గోడలకు మొదటి పూత పడింది. లేత పసుపు. కిటికీలోంచి వెలుగు పడి ఇల్లు నాకే కొత్తగా కనబడింది. అమ్మ ఏ గోడకు ఆనుకుని కూర్చుంటుందో కూడా ఊహించుకున్నాను.

ఐదింటికి ఆయన వచ్చాడు. ఎడమ చంకలో న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం. వాకిట్లోనే ఆగిపోయాడు.

కుళ్లాయప్ప నిచ్చెన పైమెట్టు మీద ఉన్నాడు. పైకప్పు కింద గీత లాగుతున్నాడు. గోడలో సగం దూరం వచ్చాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన గోడను చూడలేదు. కుళ్లాయప్ప చేతిని చూశాడు. కుళ్లాయప్ప ఆయన ముఖం చూసి, గీత ఆపి, ఒక మెట్టు దిగాడు.

నిన్నెవరు పిలిచారని ఆయన అడిగితే చాలు. నా మాట అక్కడే బయటపడేది. ఆయన నావైపు ఒక్కసారి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"దిగొద్దు. సగం గీతలో చెయ్యి తీస్తే అతుకు కనబడతాది" అన్నాడు. "గీత కానీ, కుళ్లాయప్పా."

కుళ్లాయప్ప మళ్లీ పైమెట్టు ఎక్కాడు. ఆయన వంటింట్లోకి పోయి, పొట్లాన్ని అటక మీద పెట్టి, పీట వేసుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు మాట్లాడటం సులువయ్యేది. తాగి, పొయ్యికి ఎదురుగా ఉన్న గోడ వైపు చూసి, దాన్ని వదిలేయమని కుళ్లాయప్పకు చెప్పమన్నాడు. ఎందుకని అడిగాను. "ఉండనీ" అన్నాడు.

నాలుగు రోజుల్లో ఇల్లంతా అయిపోయింది. ఆ నాలుగు రోజులూ ఆయన ఏదో ఒక గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఇక్కడ పలచగా పడింది, అక్కడ మూల చూడు అని చెబుతూ ఉన్నాడు. పనివాళ్లు వెళ్లాక రెండు రోజులకు మేకు ఖాళీగా ఉండటం గమనించాను. కుంచె కుళ్లాయప్ప దగ్గరే ఉండిపోయింది, తెమ్మని చెప్పనా అన్నాను.

"ఇచ్చింది తిరిగి అడగరు" అన్నాడు.

అప్పుడు నారాయణప్ప గుర్తుకొచ్చాడు. నిచ్చెన దిగి కుంచె చేతిలో పెట్టిన నారాయణప్ప, మళ్లీ నిచ్చెన ఎక్కని నారాయణప్ప. నేను చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. నువ్వు ఇవ్వలేదు, నేనే అబద్ధం చెప్పి ఇచ్చాను, పోయి కుళ్లాయప్పకు ఆ మాట చెప్పి తెస్తాను అని అప్పుడే అనాల్సింది. ఆయనకు తెలుసు. కానీ నేను అనాలి. పండగ రెండు రోజులుంది, అది కానీ అనుకున్నాను.

అమ్మ చెప్పినట్టే ముందురోజు వచ్చింది. గదులన్నీ తిరిగి, హాల్లో గోడ మీద వేలితో రాసి, వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. "ఇంక కూసుంటా" అని గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఆరేళ్లుగా నేను ఎదురుచూసింది దానికే.

"పనిమంతుడమ్మా అల్లుడు" అంది ఆయన వినేటట్టు.

"నేను కాదత్తా. కుళ్లాయప్ప చేసినాడు."

పండగ రోజు భోజనాల దగ్గర ఆయన చెంచా అడిగాడు. నేను ఇచ్చి వడ్డిస్తూ ఉన్నాను. అమ్మ తినడం ఆపి ఆయననే చూస్తోంది. కాసేపటికి నీళ్లు కావాలన్నట్టు లేచి నా వెనకే వంటింట్లోకి వచ్చింది.

"అల్లుడు ఎడమచేత్తో తింటాండాడు. ఎన్నాళ్ల నుంచి?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పండగ కాగానే డాక్టరు దగ్గరికి తీసుకుపో అంది, అంతే.

అమ్మ వెళ్లి కూర్చున్నాక నేను అటక మీది పొట్లం దించి విప్పాను. నాలుగంగుళాల చిన్న రోలరు. దానికి తేలికచెక్క పిడి, మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె మాదిరి నడుమ లావుగా, చివరలు సన్నంగా. బొటనవేలు ఆనడానికి చిన్న గుంట. దాని మీద సైకిలు ట్యూబు. నా చేత్తో పట్టి చూశాను. నా వేళ్లు దాన్ని చుట్టి రాలేదు. గట్టిగా మూసుకోలేని చేతికి చేసిన పిడి అది. హిందూపురం షాపులో బారుగా చాచిన చెయ్యి ఎందుకు దిగిపోయేదో, కిటికీ కింది రోలర్లు, బ్రష్షులు ఎందుకు పనికిరాలేదో, ఆ వంటింట్లో నిలబడి ఒక్కొక్కటే తెలుసుకున్నాను. చేతిని చూసి కొనాలని ఆయన నాకు మొదటి వారమే చెప్పాడు.

బెంగళూరులో స్కానింగు చేసి తలలో గడ్డ అన్నారు. మిగతాది రాయను. చెయ్యి పట్టు తప్పుతోందని ఫిబ్రవరి నుంచే తెలుసునట. చెబితే పనికి పిలవరని ఎవరికీ చెప్పలేదట. ఇంటి గోడలు అయ్యాక నాకు చెబుదామనుకున్నాడట.

జూలైలో ఒకరోజు పొద్దున నేను బడికి తయారై వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆ చిన్న రోలరు పట్టుకుని, పొడిగానే, సున్నం గోడ మీద పైకీ కిందికీ నడుపుతున్నాడు. చెయ్యి భుజం దాకా లేస్తోంది. ఉలిగప్ప పిడి జారడం లేదు. గోడ గరగరమంటోంది. నన్ను చూసి ఆపాడు.

"రంగు కలపనా?" అన్నాను.

"మేస్త్రీ పని దిగిపోయినాను గదా" అని నవ్వాడు. "ఇచ్చినాక ఇచ్చినట్టే."

కుళ్లాయప్ప ఇల్లు మా వీధికి నాలుగో వీధి. నేను పోయి ఒక్క మాట చెప్పి రావడానికి పావుగంట చాలు. బస్సు వేళ దాటుతోంది. సాయంత్రం చెబుదామనుకుని బడికి పోయాను. సాయంత్రం చెప్పలేదు. అబద్ధం ఆడానని ఒక పనివాడి ముందు ఎలా ఒప్పుకోవడమని, ఎదురుగా ఉన్న మనిషి చెయ్యి రోజురోజుకూ దిగిపోతుంటే కూడా, నేను ఆలోచించాను. ఆగస్టుకు ఆ చెయ్యి లేవలేదు. నవంబరు మొదటివారంలో ఆయన పోయాడు.

నలభయ్యో రోజు అయ్యాక ఒక ఆదివారం కుళ్లాయప్ప వచ్చాడు. నడవలో కూర్చున్నాడు. టీ ఇచ్చి, నేను కూడా ఎదురుగా కూర్చుని చెప్పాను.

"ఆ దినం ఆయన నిన్ను పిలవమనలేదు కుళ్లాయప్పా. కుంచె ఇయ్యమనలేదు. నేనే అబద్ధం చెప్పినా."

అతను గ్లాసు కింద పెట్టాడు. తలుపులోంచి కనబడుతున్న సున్నం గోడను చూస్తూ ఉన్నాడు.

"తెలుసు వదినా. అన్న వాకిట్లో నిలబడినప్పుడే తెలిసింది."

తర్వాత మెల్లగా మిగతాది చెప్పాడు. వేసవికి ముందు చిలమత్తూరులో ఒక ఇంట్లో అన్న చేతిలోంచి కుంచె జారిపడితే తానే ఎత్తి ఇచ్చాడట. ఎవరికీ చెప్పొద్దని అన్న ఇతని దగ్గర మాట తీసుకున్నాడట. నేను కుంచె ఇచ్చినప్పుడు, అన్న చివరికి తన చెయ్యి సంగతి నాకు చెప్పుకుని, తన చేత్తో ఇవ్వలేక నా చేతికిచ్చి పంపాడనుకున్నాడట. వాకిట్లో అన్న ముఖం చూశాక దిగి ఇచ్చేయబోయాడట.

"అన్న 'కానీ' అన్నాడు గదా. నేను దిగింటే నీ మాట అబద్ధమైపోవును. అన్న దానికే 'కానీ' అన్నాడు."

చేతిసంచిలోంచి గుడ్డలో చుట్టిన కుంచె తీశాడు. శుభ్రంగా కడిగి ఉంది. వెంట్రుకలు ఆయన వాడినప్పటి వాలులోనే ఉన్నాయి.

"ఈ ఇల్లు అయినాక దీనితో ఒక్క గీత తీయలా. అన్న వచ్చి అడుగుతాడని చూసినా. అన్న అడగలా. నేనుగా తెచ్చిస్తామంటే, నువ్వు అబద్ధం చెప్పినావని అన్న ముందర అన్నట్టయితాది."

నిందగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒకరు అడగకుండా, ఇంకొకరు ఇవ్వకుండా, ఐదు నెలలు నాలుగు వీధుల దూరంలో ఆగిపోయారు. ఇద్దరూ నా మర్యాద కోసమే ఆగారు. నేను చెప్పి ఉంటే జూలైలో ఆ గోడ అయ్యేది.

కుళ్లాయప్ప కుంచెను నా చేతికి ఇవ్వలేదు. తానే వంటింట్లోకి పోయి, ఆ గోడకున్న మేకుకు, వెంట్రుకలు కిందికి వచ్చేలా తగిలించాడు. చెప్పులు వేసుకునేటప్పుడు వెనక్కి తిరిగి, "అన్న దీన్ని ఎవరికీ ఇయ్యలేదు వదినా" అన్నాడు. గోడ వేయమంటావా అని అడగలేదు. అందుకు అతనికి నేను రుణపడి ఉన్నాను.

మళ్లీ సెలవులొచ్చాయి. బక్రీదుకు వస్తానని నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఆ ఒక్క గోడ కూడా ఎవరితోనైనా వేయించెయ్యమ్మా అంది. చూస్తానన్నాను.

ఈ పొద్దున చెయ్యి తడుపుకుని ఆ గోడ మీద రాశాను. అరచెయ్యి తెల్లగా అయింది. రంగు వేయడం నాకు రాదు, వేసే హక్కూ లేదు. గీకడం మాత్రం నేర్పాడు. కిటికీ కింద డబ్బాలో వెతికితే మూడంగుళాల బ్లేడు దొరికింది. అంచున కొంచెం తుప్పు. ఉప్పుకాగితంతో రుద్ది, మగ్గుతో గోడకు నీళ్లు పట్టి, నానేదాకా పీట మీద కూర్చున్నాను.